రంగు గాజు గది: లోపలికి నడిచి వెళ్లే స్టెయిన్డ్ గ్లాస్ ఇన్‌స్టలేషన్ కట్టడం ఎలా

స్టెయిన్డ్ గ్లాస్ అనగానే చాలామంది కాగితం తీసుకుని పువ్వులు, పక్షులు గీయడం మొదలుపెడతారు. గోడలో ఒక కిటికీకైతే ఆ పద్ధతి సరిపోతుంది. మనిషి లోపలికి వెళ్లి చుట్టూ తిరిగి చూసే గది కట్టాలంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. లోపలికి వచ్చినవాళ్లు గాజు వంక కాసేపే చూస్తారు. తర్వాతంతా తమ అరచేతి మీద, చొక్కా మీద, పక్కవాళ్ల ముఖం మీద పడ్డ రంగునే చూసుకుంటారు. కాబట్టి రంగు ఎక్కడ పడాలో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి నడిచి గాజు దగ్గరికి రావాలి. ఈ వ్యాసం మొత్తం ఆ వరుసలోనే సాగుతుంది.

ఉదాహరణకు ఒక గదిని పెట్టుకుందాం. 2.4 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు. పక్కపక్కనే ఉన్న రెండు గోడలు రంగు గాజు, మిగతా రెండు తెల్లగోడలు, కప్పు మామూలు కప్పు. నలుగురైదుగురు హాయిగా నిలబడొచ్చు. ఇంతకన్నా పెద్దది మొదటిసారికి వద్దు. కప్పుకు గాజు పెట్టాలన్న ఆశ అందరికీ పుడుతుంది. సీసపు కమ్ములతో, అంటే గాజు ముక్కల్ని కలిపి పట్టే సన్నటి సీసపు పట్టీలతో, కూర్చిన గాజు తల మీద ఉండటం వేరే స్థాయి ఇంజనీరింగ్, దాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి.

1. గాజు కొనకముందు ఎండను చూడండి

గది కట్టబోయే చోట ఒకరోజంతా గడపండి. ఒక కర్ర పాతి, గంటకోసారి దాని నీడ కొస దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టండి. సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడని అందరికీ తెలుసు. ఆ జరుగుడు మీ నేల మీద ఎంత దూరమవుతుందో మాత్రం గుర్తులు పెడితేనే అర్థమవుతుంది. సూర్యుడి దారి చూపించే ఫోన్ యాప్‌లు ఉన్నాయి, అవీ వాడండి. ఇన్‌స్టలేషన్ కొన్ని నెలలు ఉండబోతుంటే అవి తప్పనిసరి. ఉత్తరాయణ, దక్షిణాయన అంచుల మధ్య మధ్యాహ్నపు సూర్యుడి స్థానంలో తేడా దాదాపు 47 డిగ్రీలు. అంటే ప్రారంభం రోజున తెల్లగోడ నిండా పరుచుకున్న రంగు, కొన్ని నెలలకు గాజు గోడ కిందే నేల మీద చిన్న పట్టీలా మిగిలిపోవచ్చు.

మన గదికి లెక్క వేద్దాం. ఎండ గాజుగోడకు సూటిగా ఎదురుగా వస్తోందనుకోండి. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటే, 2.4 మీటర్ల ఎత్తులోని ముక్క గుండా వచ్చిన కిరణం నేలను తాకడానికి 4 మీటర్లకు పైగా దూరం కావాలి. గది అంత వెడల్పు లేదు కాబట్టి అది ఎదుటి గోడకు సుమారు మీటరు ఎత్తున తగులుతుంది. సూర్యుడు 60 డిగ్రీలకు ఎక్కితే అదే కిరణం 1.4 మీటర్ల దూరంలోనే నేల మీద పడుతుంది. అంటే ఉదయం, సాయంత్రం రంగు మనుషుల మీద, గోడ మీద ఉంటుంది. మధ్యాహ్నం కాళ్ల దగ్గరికి దిగుతుంది. జనం ఏ వేళకు వస్తారో చూసుకుని గాజుగోడలు ఏ దిక్కున ఉండాలో నిర్ణయించండి. సాయంత్రం సందర్శకులే ఎక్కువైతే పడమటి గోడ గాజుదే కావాలి.

మబ్బు పట్టిన రోజు గాజు వెలుగుతూనే ఉంటుంది కానీ నేల మీద రంగు మచ్చలు పడవు. ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే వెలుతురుకు ఆకారాన్ని మోసుకొచ్చే శక్తి లేదు. మబ్బులు ఎక్కువగా ఉండే కాలంలో ప్రదర్శన పెడుతుంటే దీపాల సంగతి ఇప్పుడే ఆలోచించండి, అది కింద వస్తుంది.

2. అంచులు ఎందుకు మెత్తబడతాయి

దీని గురించి ఎవరూ ముందు చెప్పరు, తీరా కట్టాక అందరూ ఆశ్చర్యపోతారు. సూర్యుడు మన కంటికి చుక్క కాదు, దాదాపు అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందువల్ల గాజు నుంచి మీటరు దూరం వెళ్లేసరికి రంగు అంచు సుమారు 9 మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది. మూడు మీటర్లకు 27 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల సీసపు కమ్మి నీడ 65 సెంటీమీటర్లు దాటేసరికే నల్లదనం కోల్పోతుంది. రెండు మీటర్ల దూరంలో ఆ గీత ఉన్నట్టే తెలియదు, పక్కపక్క రంగులు ఒకదాంట్లోకి ఒకటి జారిపోతాయి.

దీనర్థం ఏమిటంటే, కూర్చుని శ్రద్ధగా కోసిన సన్నటి ఆకులు, ఈకలు గాజులో మాత్రమే కనిపిస్తాయి, నేల మీదికి రావు. నేల మీద ఆకారం కనబడాలంటే ముక్క కనీసం అరచేయంత ఉండాలి. నా సలహా: నడుము కన్నా కింద చిన్న ముక్కలు, పైకి వెళ్లేకొద్దీ పెద్దవి. కిందివాటిని జనం దగ్గరికొచ్చి చూస్తారు, పైవి దూరం వెళ్లి పడతాయి.

3. రంగులు తక్కువ పెట్టండి

ఫ్రాన్స్‌లోని వాన్స్‌లో 1951లో పూర్తయిన ప్రార్థనామందిరానికి ఫ్రెంచ్ చిత్రకారుడు మాతీస్ కిటికీలు రూపొందించినప్పుడు వాడినవి మూడే రంగులు: పసుపు, ఆకుపచ్చ, నీలం. లోపల గోడలు తెల్లవి. ఆ మూడే ఆ తెలుపు మీద పడి ఎన్నో ఛాయలవుతాయి. దీనికి పూర్తిగా అవతలి కొస జర్మనీలోని కొలోన్ కెథడ్రల్‌లో 2007లో వచ్చిన, చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ కిటికీ. అందులో 72 రంగులు, సుమారు 10 సెంటీమీటర్ల చదరాలు 11,000కు పైగా. అన్ని రంగులున్నా గందరగోళం కాకపోవడానికి కారణం ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండటం. ఏదో ఒకదాన్ని బిగించాలి. రంగులు విచ్చలవిడిగా ఉంటే ఆకారం కట్టుదిట్టంగా ఉండాలి, ఆకారాలు స్వేచ్ఛగా ఉంటే రంగులు మూడు నాలుగు దాటకూడదు. రెండూ వదిలేస్తే గది సంత అవుతుంది.

వెలుతురు లెక్క కూడా ఉంది. లేత పసుపు గాజు వచ్చిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. ముదురు కోబాల్ట్ నీలం చాలా కొద్దిగా వదులుతుంది. రెండిటినీ ఒకే సైజులో పక్కపక్కన పెడితే గోడకు పడ్డ కన్నంలా పసుపు మెరుస్తుంది, నీలం చచ్చిపోతుంది. నీలానికి విస్తీర్ణం ఎక్కువివ్వండి, పసుపును చిన్న ముక్కలకు పరిమితం చేయండి. ఎరుపు ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది, కొంచెమే వాడినా గది మొత్తాన్ని లాక్కుంటుంది.

కన్ను ఎక్కువసేపు ఒకే రంగులో ఉంటే దానికి అలవాటు పడిపోతుంది. గది మొత్తం ఎరుపు చేస్తే మొదటి నిమిషం గుండె ఝల్లుమంటుంది, తర్వాత ఆ ఎరుపు పాలిపోతూ వస్తుంది, బయటికొచ్చాక తెల్లగోడ ఆకుపచ్చగా కనిపిస్తుంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో ఒక మ్యూజియం మీద కళాకారుడు ఒలాఫుర్ ఎలియాసన్ 2011లో కట్టిన వలయాకారపు నడకదారి ఈ గుణాన్నే వాడుకుంటుంది. 150 మీటర్ల పొడవునా గాజు రంగు మారుతూ పోతుంది, నడిచేవాళ్ల కంటికి ఒక రంగు పాతబడేలోపే రెండోది వస్తుంది. మన చిన్న గదిలో అంత చోటు లేదు కాబట్టి ప్రతి గోడలోనూ పదో వంతు దాకా రంగులేని గాజు పెట్టండి. తెల్లటి ఎండ ముక్క ఒకటి పక్కన పడితేనే మిగతా రంగులు రంగుల్లా నిలబడతాయి.

ఇంకో పొరపాటు ఊహ ఉంది. నీలం గాజు వెనక పసుపు గాజు వచ్చేలా ఎండ రెండిటినీ దాటితే ఆకుపచ్చ వస్తుంది. ఎరుపు వెనక ఆకుపచ్చ వస్తే దాదాపు నలుపే. పొరలు పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుందే తప్ప పెరగదు. వేరే వేరే దీపాల నుంచి వచ్చిన ఎరుపు వెలుగు, ఆకుపచ్చ వెలుగు ఒకే చోట పడితే మాత్రం పసుపు వస్తుంది. సూర్యుడు ఒక్కడే కాబట్టి పగటిపూట ఈ రెండో తమాషా రంగుల అంచులు మసకబారిన చోట తప్ప జరగదు.

4. నమూనా గది చేయండి, అది అబద్ధం చెప్పదు

పదో వంతు కొలతలో, అంటే 24 సెంటీమీటర్ల అట్టపెట్టె. గాజు బదులు దీపాలకు తగిలించే రంగు ఫిల్మ్, కమ్ములకు సన్నటి నల్లపెన్ను గీత. దాన్ని తీసుకెళ్లి అసలు స్థలంలో, అసలు దిక్కుకు తిప్పి, నిజమైన ఎండలో పెట్టండి. చిన్న కన్నం గుండా ఫోన్‌తో లోపల వీడియో తీయండి. అంచులు మసకబారడం దూరానికి తగ్గట్టే ఉంటుంది కాబట్టి పెట్టెలో కనిపించేదే పెద్ద గదిలోనూ కనిపిస్తుంది. టార్చ్‌లైట్‌తో మాత్రం పరీక్షించొద్దు. టార్చ్ కిరణాలు విచ్చుకుంటూ వస్తాయి, ఎండ దాదాపు సమాంతరంగా వస్తుంది, రెండూ వేరు.

గాజు పైతలంలోని గరుకుతనం ఒక్కటే నమూనాలో తెలియదు. దానికి అసలు గాజు శాంపిళ్లే కావాలి.

5. గాజు ఎంపిక

దుకాణంలో లైట్‌బాక్స్ మీద చూసి కొనొద్దు. శాంపిల్ ముక్కను ఎండలో పట్టుకుని, మీటరు దూరంలో ఒక తెల్ల అట్ట, రెండు మీటర్ల దూరంలో ఇంకొకటి పెట్టి చూడండి.

పాలు కలిపినట్టు ఉండే ఓపలెసెంట్ గాజు తానే వెలుగుతుంది, దాని గుండా వచ్చిన వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి నేల మీద ఆకారం పడదు. అటువైపు కనిపించకూడని అందవికారం ఏదైనా ఉంటే అక్కడ ఇది బాగా పనికొస్తుంది. కెథడ్రల్ గాజు అనేది పారదర్శకం, ఒకే రంగు, రంగు మచ్చలకు ఇదే ప్రాణం. అలలు, గుంటలు ఉన్న రకం ఎండను చిన్న చిన్న భూతద్దాల్లా పోగుచేసి నేల మీద మెరుపు గీతలు గీస్తుంది. నీటి అడుగున ఉన్నట్టు అనిపించాలంటే ఆ రకాన్నే తీసుకోండి. నోటితో ఊది చేసిన గాజులో బుడగలు, మందంలో తేడాలు ఉంటాయి, ఒకే పలకలో రంగు ఓ కొస ముదురుగా, ఓ కొస లేతగా ఉంటుంది. ఖరీదు ఎక్కువ, కోయడం కష్టం. కంటి ఎత్తులో నాలుగైదు ముక్కలకు పెట్టుకోండి చాలు. డైక్రోయిక్ గాజు నిలబడ్డ కోణాన్ని బట్టి రంగు మారుస్తుంది, చూడగానే మోజు పుడుతుంది. ఎక్కువ పెడితే గది కాస్తా షోరూమ్ అయిపోతుంది.

ఎక్కువ పని 3 మిల్లీమీటర్ల మందంలో జరుగుతుంది. వృథా కోసం కావాల్సిన దానికన్నా నాలుగో వంతు అదనంగా కొనండి. ఒకే బ్యాచ్ గాజు మళ్లీ దొరక్కపోవచ్చు.

6. బరువు లెక్క, ఫ్రేమ్

డిజైన్ ఇంకా పెన్సిల్‌లో ఉండగానే ఈ లెక్క అయిపోవాలి. 3 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 7.5 కిలోలు. సీసం, సోల్డర్ (అతుకుల దగ్గర కరిగించి వేసే లోహం), పుట్టీ కలిసేసరికి ప్యానెల్ చదరపు మీటరుకు 15 నుంచి 20 కిలోలు తూగుతుంది. మన గదిలో ఒక్కో ప్యానెల్‌ను 60×60 సెంటీమీటర్లు అనుకుంటే, 18 కిలోల లెక్కన ఒక్కోటి ఆరున్నర కిలోలు. గోడకు 16, రెండు గోడలకు 32, మొత్తం దాదాపు 210 కిలోలు.

పైగా, సీసపు కమ్ములతో కూర్చిన గాజు సేఫ్టీ గాజు కాదు. ఎవరైనా తూలి పడితే అది కత్తుల్లా విడిపోతుంది. సీసాన్ని పిల్లలు చేత్తో తడిమే వీలూ ఉండకూడదు. అందుకే లోపలి వైపు మొత్తం లామినేటెడ్ గాజు గానీ, యూవీ పూత ఉన్న పాలికార్బనేట్ షీటు గానీ అడ్డంగా ఉండాలి. మూడు మిల్లీమీటర్ల పాలికార్బనేట్ అయితే రెండు గోడలకూ కలిపి 40 కిలోలే పెరుగుతుంది కానీ త్వరగా గీతలు పడుతుంది. 3 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికిన లామినేటెడ్ గాజు చదరపు మీటరుకు దాదాపు 15 కిలోలు, అంటే ఇంకో 170 కిలోలకు పైనే. కొన్ని వారాల ప్రదర్శనకు మొదటిది, ఏళ్ల తరబడి ఉండేదానికి రెండోది.

ఫ్రేమ్‌కు ఇనుప బాక్స్ సెక్షన్ (బోలుగా ఉండే చదరపు గొట్టం) వెల్డింగ్ చేయించండి. ప్రతి ప్యానెల్ తన బరువును తన కిందున్న అడ్డకమ్మీ మీదే మోపాలి. ఒక ప్యానెల్ మీద ఇంకోటి కూర్చోబెడితే అడుగున ఉన్నది కొన్నాళ్లకు పొట్ట ఉబ్బుతుంది, సీసం అంత మెత్తనిది. ప్యానెల్ కింద రెండు నియోప్రీన్ రబ్బరు దిమ్మెలు, చుట్టూ 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి. ఎండకు గాజు ఒకలా, లోహం ఒకలా సాగుతాయి. అల్యూమినియం అయితే గాజుకు రెండింతలకు పైగా సాగుతుంది. ముదురు రంగు గాజు ఎండలో బాగా వేడెక్కుతుంది కూడా, బిగుతుగా ఇరికిస్తే అంచు నుంచి పగులుతుంది. బీడింగ్‌ను, అంటే ప్యానెల్‌ను ఫ్రేమ్‌లో పట్టి ఉంచే పట్టీని, స్క్రూలతో బిగించండి. ఒక ప్యానెల్ పగిలితే పక్కవి కదపకుండా దాన్ని ఒక్కదాన్నే తీయగలగాలి.

ఖాళీల్లో సిలికాన్ నింపేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే రకం వాడొద్దు, అందులోని ఆమ్లం సీసాన్ని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది తీసుకోండి.

గది ఆరుబయట అయితే గాలి కూడా బరువే. సెకనుకు 20 మీటర్ల వేగంతో గాలి కొడితే చదరపు మీటరుకు సుమారు 24 కిలోల తోపుడు, మన గోడ ఒక్కదాని మీద దాదాపు 140 కిలోలు. ఈ అంకెలు మీకు ఒక అంచనా కోసమే. ఫ్రేమ్ డ్రాయింగ్ మీద స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా జనాన్ని లోపలికి పంపకండి.

7. కార్టూన్, నమూనా ముక్కలు

పూర్తి సైజులో గీసిన డ్రాయింగ్‌ను ఈ పనిలో కార్టూన్ అంటారు. ప్రతి ముక్కకూ నంబరు, రంగు పేరు, గాజులోని చారలు ఏ దిక్కున ఉండాలో చూపే బాణం గుర్తు వేయండి. రెండు కాపీలు తీసి, ఒకటి బల్ల మీద అతికించండి, ఒకటి ముక్కలుగా కత్తిరించండి. కమ్మి మధ్యలో ఉండే గోడ మందం కోసం ముక్కల మధ్య సీసానికైతే 1.6 మిల్లీమీటర్లు, రాగి రేకుకైతే (కూర్పులో ఇది రెండో పద్ధతి, కింద వస్తుంది) అందులో సగం వదలాలి. రెండు బ్లేడ్ల మధ్య ఆ పట్టీని కత్తిరించి పడేసే ప్రత్యేక కత్తెర దొరుకుతుంది, కొనుక్కోండి.

గీసేటప్పుడే రెండు విషయాలు గమనించాలి. ప్యానెల్ ఒక అంచు నుంచి అవతలి అంచు దాకా ఒకే సరళరేఖ వెళ్లకూడదు, అక్కడ ప్యానెల్ తలుపు బందులా మడత పడుతుంది. రెండోది, లోపలికి తిరిగిన పదునైన మూలలు పెట్టొద్దు. గాజు ఆ మూల నుంచి ఎలాగూ పగులుతుంది. అది ఎటు పగలాలనుకుంటుందో అటే ఒక కమ్మి గీత పెట్టేస్తే డిజైన్‌కూ మంచిది, మీకూ టెన్షన్ ఉండదు.

8. కోత

గాజు కోయడం అంటాం కానీ నిజానికి జరిగేది గీత గీసి విరవడం. పలకను శుభ్రంగా తుడిచి, సమతలమైన బల్ల మీద పెట్టి, నిలబడి పని చేయండి. కూర్చుంటే భుజం బలం రాదు. కట్టర్ చక్రాన్ని నూనెలో ముంచి, నిటారుగా పట్టుకుని, అంచుకు ఒక మిల్లీమీటరు ఇవతల మొదలుపెట్టి అవతలి అంచు దాకా ఆగకుండా లాగండి.

సరిగ్గా పడుతోందో లేదో చెవికే తెలుస్తుంది. సన్నగా, ఒకే స్థాయిలో సిల్కు చింపినట్టు 'సర్ర్' మని వినిపించాలి. కరకరలాడితే ఎక్కువ నొక్కుతున్నారు, గీత వెంట తెల్లటి పొడి లేస్తే ఇంకా ఎక్కువ. మంచి గీత దాదాపు కనపడదు, వాలుగా చూస్తే వెంట్రుకంత మెరుపు కనిపిస్తుంది, అంతే. అదే గీత మీద రెండోసారి నడపొద్దు, చక్రం పాడవుతుంది, పగులు దారి తప్పుతుంది. వెంటనే విరవండి. రన్నింగ్ ప్లయర్స్ అనే గాజు విరిచే పట్టకారును గీత కొసన పెట్టి మెల్లగా నొక్కితే పగులు గాజులోపల వెండి తీగలా ముందుకు పాకుతుంది. ఆ పాకడం చూస్తూ చేతి ఒత్తిడిని ఆపొచ్చు, పెంచొచ్చు. లోవంపులను ఒకేసారి విరవాలని చూడకండి. అసలు గీత గీశాక, దానికి బయట నెలవంకల్లాంటి చిన్న గీతలు రెండు మూడు పెట్టి, బయటి నుంచి ఒక్కోటీ తీసుకుంటూ లోపలికి రావాలి.

మిగిలిన గరుకులను నీళ్లతో తిరిగే గ్రైండర్ మీద తీసేయండి. పొడిగా అరగదీయొద్దు. కొన్ని ఎరుపు, పసుపు గాజుల్లో కాడ్మియం, సెలీనియం ఉంటాయి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. కళ్లద్దాలు, మూసి ఉన్న బూట్లు తప్పనిసరి. చేతి తొడుగులతో మాత్రం కోత పట్టు దొరకదని చాలామంది వాటిని పెద్ద పలకలు మోసేటప్పుడే వేసుకుంటారు.

9. కూర్పు: సీసమా, రాగి రేకా

పెద్ద ముక్కలకు సీసపు కమ్మి, చిన్నచిన్న ముక్కలకు రాగి రేకు. రాగి రేకు గీత సన్నగా ఉంటుంది, ముక్క అంచు చుట్టూ రేకు అతికించి, నున్నగా రుద్ది, రెండు వైపులా సోల్డర్‌తో కప్పాలి. మన గదికి కింది వరసలు రేకుతో, పైవి సీసంతో చేస్తే డిజైన్‌కూ సరిపోతుంది, పనీ త్వరగా తెములుతుంది.

సీసపు కమ్మి వాడే ముందు ఒక కొసను వైస్‌లో బిగించి, రెండో కొసను పట్టకారుతో లాగి సాగదీయాలి, వంకరలు పోయి గట్టిపడుతుంది. బల్ల మీద రెండు చెక్క పట్టీలను లంబకోణంలో బిగించి, ఆ మూల నుంచి ముక్క, కమ్మి, ముక్క, కమ్మి అంటూ పేర్చుకుంటూ వెళ్లండి, జరగకుండా మేకులు ఆనించండి. కమ్ములు కలిసే చోట ఖాళీ ఉంటే సోల్డర్ దాన్ని కొన్నాళ్లే దాస్తుంది. కచ్చితంగా కోసుకోండి.

60:40 తగరం-సీసం సోల్డర్ సుమారు 190 డిగ్రీలకు కరుగుతుంది, సీసపు కమ్మి 327కు. ఈ రెండంకెల మధ్యే మీ పనంతా. సోల్డర్‌ను కరిగించే సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా అంతకన్నా వేడిగా ఉంటుంది కాబట్టి జాయింటు మీద ఎక్కువసేపు ఆనిస్తే సోల్డర్‌తో పాటు కమ్మి కూడా కారిపోతుంది. ఫ్లక్స్ (సోల్డర్ అంటుకునేలా లోహాన్ని శుభ్రం చేసే మందు) పూసి, సోల్డర్ తీగను జాయింటు మీద పెట్టి, ఐరన్‌తో ఒకసారి తాకి తీసేయండి. నున్నటి బొట్టు ఒకటి పరుచుకుంటుంది.

సీసం విషయంలో నిర్లక్ష్యం వద్దు. పని గదిలో తినడం, తాగడం ఉండకూడదు. గాలి ధారాళంగా ఆడాలి, ఫ్లక్స్ పొగ ముఖానికి రాకుండా ఫ్యాన్ బయటికి లాగాలి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి, బట్టలు విడిగా ఉతకాలి, బల్లను చీపురుతో కాక తడిగుడ్డతో తుడవాలి. పిల్లలు, గర్భిణులు ఆ గదిలోకి రాకూడదు.

సీసపు ప్యానెళ్లకు చివరగా పుట్టీ కూరాలి: సుద్దపొడి, మరిగించిన అవిసె నూనె, కొంచెం నల్లరంగు. బ్రష్‌తో కమ్ముల రెక్కల కిందికి తోసి, పైన పొడి సుద్ద చల్లి, బ్రష్‌తో రుద్దాలి. మురికి పని, విసుగు పుడుతుంది. అది లేకపోతే మాత్రం ప్యానెల్ తడితే గలగలమంటుంది, వాన నీరు దిగుతుంది. పుట్టీ గట్టిపడేదాకా కొన్ని రోజులు బల్ల మీదే పడుకోబెట్టండి. తర్వాత ప్యానెల్‌ను ఎత్తేటప్పుడు ముందు బల్ల అంచుకు జరిపి నిలబెట్టి, ఆపైన మోయండి. పళ్లెంలా అడ్డంగా ఎత్తితే నడుం విరుగుతుంది, ప్యానెల్‌ది.

10. బిగించడం, లోపలి గది

ఫ్రేమ్‌ను రసమట్టం, తూకం గుండుతో సరిచూశాకే గాజు ఎక్కించండి. కింది వరస నుంచి పైకి. ప్రతి ప్యానెల్ వెనక అడ్డంగా ఒక సన్నటి ఉక్కు కడ్డీ పెట్టి కమ్ములకు రాగి తీగతో కట్టండి. మధ్యయుగపు కిటికీల్లో గాలి ఒత్తిడిని ఆపింది ఇలాంటి కడ్డీలే.

తెల్లగోడలు, నేల మ్యాట్ తెలుపులో ఉండాలి. మెరిసే పెయింటు రంగును పట్టుకోదు, అద్దంలా తిప్పికొడుతుంది. కప్పు మాత్రం ముదురు బూడిద రంగు వేయండి. ప్యారిస్‌లో 1248లో ప్రతిష్ఠ జరిగిన సెయింట్ షాపెల్ ప్రార్థనామందిరంలో 15 కిటికీల గాజు అంతలా వెలగడానికి కారణం గాజు ఒక్కటే కాదు. వాటి మధ్య రాయి చాలా సన్నం, లోపలికి వేరే వెలుతురు దాదాపు లేదు. మీ గదిలోకి కూడా గాజు గుండా తప్ప ఇంకెటు నుంచీ వెలుతురు రాకూడదు. తలుపు చోట సూటి దారి వద్దు. నల్లబట్ట వేసిన చిన్న మలుపు దారి పెట్టండి, ఆ నాలుగడుగుల్లో కన్ను చీకటికి కొంత సర్దుకుంటుంది. చీకట్లో కాలికి తగిలే గడప ఉండకూడదు, వీల్‌చైర్ తిరిగే వెడల్పు ఉండాలి.

శబ్దం సంగతి చాలామంది మరిచిపోతారు. బోస్టన్‌లో 1935లో కట్టిన మాపారియం అనే గాజు గోళంలో 608 గాజు పలకల మధ్య వంతెన మీద నిలబడి ఒక కొసన గుసగుసలాడితే రెండో కొసన వినిపిస్తుంది. గోళం కాబట్టి అక్కడ అదొక ఆకర్షణ. చదరపు గదిలో గట్టి గోడల మధ్య వచ్చేది ఊరికే రొద. కప్పుకు అదే ముదురు బూడిద రంగు మందపాటి ఫెల్ట్ అతికించండి, రొద తగ్గుతుంది.

11. దీపాలు

రాత్రి కోసం బయటి నుంచి వేసే దీపం ఎంత చిన్నగా ఉంటే అంచులు అంత పదునుగా పడతాయి. పెద్ద ప్యానెల్ లైట్లు ఆకారాల్ని చెరిపేస్తాయి. గోడకు ఒకే దీపం, వీలైనంత దూరంలో. రెండు పెడితే ప్రతి ఆకారానికీ కవల పుడుతుంది. ఎరుపును సరిగ్గా చూపించే, కలర్ రెండరింగ్ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే, వందకు వేసే అంకె) 90 దాటిన ఎల్‌ఈడీలు తీసుకోండి, చవకరకం వాటిలో ముదురు ఎరుపు మట్టిరంగులోకి దిగిపోతుంది.

రెండు గోడలకూ ఒక్కో దీపం ఉంటే పగలు దొరకనిది రాత్రి దొరుకుతుంది. ఒకటి ఎరుపు గాజు గుండా, ఒకటి ఆకుపచ్చ గుండా వచ్చి ఒకే తెల్లగోడ మీద కలిసేలా వాటిని తిప్పండి. అక్కడ గోడ పసుపు అవుతుంది. ఆ మధ్యలో మనిషి నిలబడితే అతని నీడలు రెండు పడతాయి. ఎరుపు దీపాన్ని అడ్డుకున్న నీడ ఆకుపచ్చగా, ఆకుపచ్చను అడ్డుకున్నది ఎర్రగా ఉంటుంది. పిల్లలు ఇది కనిపెట్టారంటే ఇక కదలరు. ఆ చోటు ముందు ఖాళీ కాస్త ఎక్కువ వదలండి.

12. తెరిచాక

మొదటి వారం రోజూ పొద్దున్నే బీడింగ్ స్క్రూలు, దిమ్మెలు, సోల్డర్ జాయింట్లు చూడండి. ఎండకు సాగి రాత్రికి కుదుర్చుకునే క్రమంలో ఏదైనా సడలితే మొదట్లోనే తెలుస్తుంది. ఒకేసారి లోపల ఎందరుండాలో బోర్డు పెట్టండి, పెట్టి ఊరుకోకుండా ఒక మనిషిని నిలబెట్టండి. గాజును మెత్తటి గుడ్డ, మామూలు నీళ్లతో తుడవండి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు లోహపు పాటినాను (లోహం మీది ముదురు పొరను), పాలికార్బనేట్‌ను పాడుచేస్తాయి. తెల్లనేల మీద చెప్పుల ముద్రలు పడితే రంగులు మాసినట్టుంటాయి, కాబట్టి మళ్లీ పూయడానికి ఒక డబ్బా పెయింటు దగ్గర ఉంచుకోండి.

ప్రతి రంగు గాజు నుంచీ ఒక పెద్ద ముక్క, కార్టూన్ అసలు ప్రతి, నంబర్ల పట్టిక ఒకే పెట్టెలో దాచండి. విప్పేటప్పుడు పై వరస నుంచి కిందికి రండి. ప్యానెళ్లను నిలబెట్టే, మధ్యలో ఫోమ్ పెట్టి, చెక్కపెట్టెల్లో సర్దండి. పెట్టె మీద ప్యానెల్ నంబర్లతో పాటు ఏ అంచు పైకి ఉండాలో కూడా రాయండి.